పలుచని లాప్‌టాప్‌కు మన సంఘం సొమ్మా?



పోయిన ఆదివారం కార్యవర్గ సమావేశంలో ఏడో అంశంగా వచ్చిన లాప్‌టాప్ సంగతి మీలో చాలామందికి ఈపాటికి తెలిసే ఉంటుంది. సంఘం ఆఫీసుకు మ్యాక్‌బుక్ ఎయిర్ ఒకటి కొనాలని మన కార్యదర్శి తమ్ముడు ప్రతిపాదించాడు. కవరు, హబ్బు, అదనపు వారంటీ అన్నీ కలిపి కొటేషన్ లక్షా ముప్పై ఆరు వేలు. డబ్బు విద్యానిధి నుంచి తీస్తారట. మేము లేచి వద్దన్నాం. "మీకు కంప్యూటరంటే భయం, అందుకే వద్దంటున్నారు" అని ఒక తమ్ముడు నవ్వాడు. ఇంతలో టీ వచ్చింది. చర్చ అక్కడితో ఆగిపోయింది.

వచ్చే నెల మొదటి ఆదివారం సర్వసభ్య సమావేశంలో ఇది ఓటుకు వస్తుంది. అందుకే అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ వ్రాస్తున్నాం. మేము అంటే రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన ఈ వ్రాసేవాడు, వాడితో పాటు వెనక బెంచీలో కూర్చునే నలుగురు. బడిలో తమిళ మీడియం చదివినవాళ్లం. తెలుగు అక్షరాలు నలభై దాటాక ఈ సంఘం మాడి మీద, రేకుల హాల్లో దిద్దుకున్నవాళ్లం. వ్రాతలో తప్పులుంటే దిద్దండి, విషయంలో తప్పుంటే నిలదీయండి.

ముందుగా భయం సంగతి. అట్ట టిక్కెట్లకు తేదీ గుద్దే యంత్రం దగ్గర మొదలుపెట్టి, కంప్యూటర్ తెర ముందు రిటైరయ్యాం. మా కళ్ల ముందే లెడ్జర్లు పోయి తెరలు వచ్చాయి. భయపడ్డాం, నేర్చుకున్నాం. యంత్రాన్ని చూసి బెదిరే రోజులు ఎప్పుడో పోయాయి. మా జంకంతా తూకం వేయకుండా బిల్లు కట్టడం గురించే.

తూకం మాకు తెలిసిన పని. మదురై మల్లె బుట్ట చూడ్డానికి పెద్దది, ఎత్తితే తేలిక. ఇనుప సామాను పెట్టె చిన్నది, ఎత్తితే నడుము పట్టేస్తుంది. తేలికగా ఉన్నా చోటు ఎక్కువ తినే సరుకుకు రైల్వే చోటును బట్టే లెక్క కడుతుంది. సరుకు చూపుకు ఎలా ఉందన్నది బిల్లులో రాదు, అది మన మీద వేసే భారమే వస్తుంది. ఈ లాప్‌టాప్‌ను కూడా అలాగే తూకం వేద్దాం. ముందు మంచివైపు తట్టలో పెడదాం, ఎందుకంటే మంచి చాలా ఉంది. లేదని చెబితే అబద్ధమవుతుంది.

2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ మొదటి మ్యాక్‌బుక్ ఎయిర్‌ను ఆఫీసు కాగితాలు పెట్టే కవరులోంచి తీసి చూపించాడు. లోకం నోరు తెరుచుకుని చూసింది. 2020 నవంబరులో ఎమ్1 అనే సొంత చిప్పు పెట్టి, లోపలి ఫ్యానునే తీసేశారు. 2025 మార్చిలో వచ్చిన ఎమ్4 మోడల్ 13 అంగుళాలది 1.24 కిలోలే, మందం 1.13 సెంటీమీటర్లు. ఒకసారి ఛార్జి చేస్తే వీడియో చూడటానికి 18 గంటల వరకు వస్తుందని కంపెనీ చెబుతుంది. మన వాడకంలో అందులో సగం వచ్చినా, కరెంటు పోయిన మధ్యాహ్నం మినిట్స్ పుస్తకం పూర్తి చేయవచ్చు. శబ్దం బొత్తిగా ఉండదు. మొదటి రకంలోనే 16 జీబీ మెమొరీ వస్తోంది.

తెర గురించి వేరుగా చెప్పాలి. తమిళంలో ఒక్క 'క'తో బడి చదువు ముగించిన మాకు, ఇక్కడ క ఖ గ ఘ నాలుగూ విడివిడిగా నేర్చుకోవడమే ఒక తపస్సు అయింది. దాని మీద ఒత్తులు. పాత తెర మీద 'ష్ట' ఏదో 'ష్ణ' ఏదో తెలియక, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూస్తాం. కార్యదర్శి తమ్ముడు స్నేహితుడి లాప్‌టాప్ తెచ్చి చూపించినప్పుడు ఆ ఒత్తులు ముగ్గు వేసినట్టు స్పష్టంగా కనిపించాయి. కంటిశుక్లం ఆపరేషన్ చేయించుకున్న వాళ్లకు అదెంత సుఖమో మాకు తెలుసు. ఇది చిన్న మాట కాదు.

ఇంత మంచి ఉండగా ఎందుకు వద్దంటున్నారని అడుగుతారు. ఇప్పుడు రెండో తట్ట చూడండి.

మొదటిది, వేడి. ఫ్యాను లేని యంత్రం తన వేడిని తన ఒంటి ద్వారానే బయటికి వదలాలి. కొద్దిసేపు పనికి ఇబ్బంది లేదు. గంటల తరబడి బరువైన పని పెడితే, కాలిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటుంది. అందులో తప్పేమీ లేదు, దాన్ని అలాగే చేశారు. అయితే ఈ ఎయిర్‌ను వాడే చోట గాలి వేడి 10 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలని కంపెనీయే వ్రాసింది. మన మాడి మీది రేకుల హాల్లో మే నెల మధ్యాహ్నం మనుషులే కూర్చోలేరు. ఏసీ లేదు. వార్షికోత్సవం వీడియోలు కూర్చేది సరిగ్గా ఆ ఎండల్లోనే. ఏసీ గదుల్లో వాడుకోవడానికి తగిన వస్తువును రేకుల కింద పెట్టి, తరువాత దాన్ని తిట్టుకోవడం న్యాయమా?

రెండోది, తలుపులు. ఆ లాప్‌టాప్‌కు ఉన్నవి రెండు యూఎస్‌బీ-సీ రంధ్రాలు, ఒక ఛార్జింగ్ రంధ్రం, ఒక ఇయర్‌ఫోన్ రంధ్రం. మన దగ్గరున్న ప్రింటరు, స్కానరు, పెన్‌డ్రైవులు, మన ఆడిటరు గారు సంతకానికి తెచ్చే టోకెను, అన్నీ పాత వెడల్పు యూఎస్‌బీవి. ప్రొజెక్టరు నీలం పిన్నుల వీజీఏ. అందుకే కొటేషన్‌లో హబ్బు వచ్చింది. లాప్‌టాప్ పలుచగా ఉండాలని కోసేసిన తలుపులను మళ్లీ ఒక డబ్బాలో పెట్టి మనకే అమ్ముతున్నారు. ఆ డబ్బా ఎవరి సంచిలో ఉందో పండగ రోజు ఉదయం వెతుక్కోవాలి. మైకు సెట్టు తాళం చెవి వెతుక్కునే మన సంఘం గురించి మీకు వేరే చెప్పాలా?

మూడోది, లోపలి అతుకులు. ఈ రకంలో మెమొరీ చిప్పులోనే కలిసిపోయి ఉంటుంది, స్టోరేజీ బోర్డుకే అతికి ఉంటుంది. కొన్న రోజున ఎంత తీసుకుంటే చివరిదాకా అంతే. ఒక్క యాపిల్‌నే అనడం లేదు. విండోస్‌లో వచ్చే ఖరీదైన పలుచని రకాల్లో కూడా చాలావాటికి మెమొరీ అతికించేదే. దానికి కారణం ఉంది: మెమొరీని ప్రాసెసరు దగ్గర అతికిస్తే వేగం పెరుగుతుంది, కరెంటు తగ్గుతుంది, సాకెట్టు ఎత్తు మిగులుతుంది. సొంతానికి కొనుక్కునేవాడు నాలుగైదేళ్లకు మార్చుకుంటాడు, వాడికి ఇది లోపం కాదు. సంఘం అలా మార్చదు. మన ఆఫీసు డెస్క్‌టాప్‌లో ఇప్పటికీ విండోస్ 7 ఉంది. దానికి మైక్రోసాఫ్ట్ రక్షణ 2020 జనవరిలోనే ఆగిపోయింది. అంతకాలం ఒకే వస్తువును లాగే మనకు, రెండు స్క్రూలు విప్పి మెమొరీ మార్చుకునే వస్తువే తగినది.

నాలుగోది, మరమ్మతు. మా ఇంట్లోనే జరిగింది. ఏ కంపెనీదో చెప్పం. మా అల్లుడి పలుచని లాప్‌టాప్ మీద అరగ్లాసు కాఫీ ఒలికింది. సర్వీసు సెంటరులో బోర్డు మొత్తం మార్చాలన్నారు. అది కొత్తదాని ధరలో సగానికి పైన. కాఫీ, నీళ్లు పడితే మామూలు వారంటీలో రాదు. తప్పు కాఫీదే, ఒప్పుకుంటాం. కానీ మన సంఘం ఆఫీసులో ఒకే బల్ల. దాని మీదే కాఫీ, దాని మీదే చందా పుస్తకం, దాని మీదే పెళ్లి పత్రికల కట్ట. అందరూ తాకే వస్తువు అది.

పలుచదనం మోజు ఎంత దూరం పోతుందో ఆ కంపెనీకే అనుభవం. 2015లో మొదలుపెట్టి మీటల ఎత్తు తగ్గించి సీతాకోకచిలుక కీబోర్డు అనే రకం తెచ్చారు. 2018, 2019 ఎయిర్‌లలో కూడా అదే పెట్టారు. చిన్న దుమ్ము రేణువు పడితే మీట పట్టేసేది, లేదా ఒకసారి నొక్కితే రెండు అక్షరాలు పడేవి. కంపెనీయే ఉచితంగా బాగుచేసే పథకం పెట్టాల్సి వచ్చింది. 2020లో ఎయిర్‌కు మళ్లీ పాత పద్ధతి కీబోర్డే తెచ్చారు. తప్పు దిద్దుకోవడం మంచిదే. కానీ ఆ నడుమ కొన్నవాళ్లు అర మిల్లీమీటరు అందం కోసం ఎన్ని పూటలు సర్వీసు సెంటరు వాకిట్లో గడిపారో ఆలోచించండి.

ఐదోది అన్నిటికంటే పెద్దది. మన పత్రిక.

మన సంఘం పత్రిక ఇరవై రెండేళ్లుగా అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో కూర్చారు. రెండూ విండోస్‌లో నడిచేవి. డీటీపీ చేసే మన తమ్ముడు వాడేది అను వాళ్ల 'యాపిల్' కీబోర్డు పద్ధతి. పేరు యాపిల్, నడిచేది విండోస్ మీద. కార్యదర్శి తమ్ముడు ఆ పేరు విని అంతా కలిసిపోతుందనుకున్నాడేమో! 2020 తరువాతి మ్యాక్‌లలో విండోస్‌ను నేరుగా ఎక్కించే బూట్ క్యాంప్ దారి లేదు. వేరే సాఫ్ట్‌వేరు కొని, దాని లోపల వేరే రకం విండోస్ నడపాలి. అందులో మన పాత సరుకు నడుస్తుందని ఎవరూ చేతిలో చెయ్యి వేసి చెప్పలేదు. లెక్కల ట్యాలీ కూడా విండోస్ కోసం చేసిందే.

అను ఫాంట్ల ఫైలు ఎలాంటిదో తెలియనివాళ్లకు ఒక మాట. దాని లోపల ఉన్నది నిజంగా తెలుగు కాదు. ఇంగ్లీషు గుర్తులకు తెలుగు బొమ్మల ముసుగు వేసినది. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే మన తాతల పేర్లు పిచ్చి గీతలుగా కనిపిస్తాయి. ఫోనులో మనం ఇప్పుడు చదువుకుంటున్న తెలుగు యూనికోడ్. అది ఏ యంత్రంలోనైనా తెలుగే. మ్యాక్‌లోనూ బాగా కనిపిస్తుంది, విండోస్‌లోనూ బాగా కనిపిస్తుంది. అంటే తెలుగు కోసం ఖరీదైన యంత్రమే కావాలన్నది నిజం కాదు. 2018 ఫిబ్రవరిలో ఏం జరిగిందో గుర్తుందా? జ్ఞానంలోని 'జ్ఞా' ఒక ప్రత్యేకమైన కూర్పులో వస్తే చాలు, ఐఫోన్లలో, మ్యాక్‌లలో మెసేజీ తెరిచిన యాప్ పడిపోయేది. అదే నెల 19న కంపెనీ దిద్దుబాటు విడుదల చేసింది, త్వరగానే చేసింది. అయినా లక్ష రూపాయల యంత్రాన్ని ఒక తెలుగు అక్షరం కూలదోసిందంటే, ధరకూ మన భాషకూ సంబంధం లేదని తెలుస్తూనే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఇరవై రెండేళ్ల పత్రికలు ఎక్కడున్నాయి? ఆ విండోస్ 7 డెస్క్‌టాప్‌లో, ఒకే ఒక హార్డ్‌డిస్కులో. ఆ డిస్కు నెల రోజులుగా టక్ టక్ అంటోంది. మా చెవులతో విన్నాం. అందులో పెళ్లి ప్రకటనలు మాత్రమే లేవు. ఇల్లిల్లూ తిరిగి పెద్దవాళ్లను అడిగి వ్రాసుకున్న ఇంటిపేర్లు, గోత్రాలు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి కదిలారన్న వివరాలు ఉన్నాయి. చెప్పినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్లను మళ్లీ అడగలేం. నాయకరాజుల కాలం నుంచి ఈ నేల మీద ఉన్నామని వేదిక ఎక్కి చెప్పుకుంటాం. ఆ మాటకు మన చేతిలో ఉన్న ఆధారం టక్ టక్ అంటున్న ఒక డిస్కు.

ఇది ఏడో అంశంలో లేదు. ఎనిమిదో అంశంలో కూడా లేదు. కొత్త లాప్‌టాప్ రంగు వెండిదా, ఆకాశం రంగుదా అన్నది మాత్రం పది నిమిషాలు మాట్లాడారు.

విద్యానిధి సంగతీ చూడాలి. "సొమ్మొకడిది, సోకొకడిది" అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ నిధి పూలు కట్టి అమ్ముకునే అక్కలు, మిల్లులో పనిచేసి పింఛను లేకుండా ఇంట్లో ఉన్న పెద్దలు, నెలకు యాభై, వంద చొప్పున వేసింది. పిల్లలకు తెలుగు రావాలని వేశారు. మన ఆదివారం తెలుగు తరగతికి వచ్చేది పదకొండు మంది పిల్లలు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవలేరు. 2006లో వచ్చిన తమిళం నేర్పే చట్టం తరువాత బళ్లలో తెలుగు చదివే దారి ఇంకా ఇరుకైంది. భాషా అల్పసంఖ్యాకులు కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చింది. తమిళం మీద మాకు కోపం లేదు. అన్నం పెట్టిన భాష, మేము చదువుకున్న భాష. కానీ బడి నేర్పనప్పుడు నేర్పవలసింది ఈ సంఘమే. ఆ తరగతికి బోర్డు మీద నల్లరంగు పోయింది. పాఠం చెప్పే అక్క తన బస్సు చార్జీ తనే పెట్టుకుంటోంది. ఆ నిధి నుంచి లక్షా ముప్పై ఆరు వేలు తీసి, బీరువాలో తాళం వేసి పెట్టే లాప్‌టాప్ కొనడమా?

కార్యదర్శి తమ్ముడి వాదనకూ జవాబు చెప్పాలి. "చవకది కొంటే మూడేళ్లకు పోతుంది, మంచిది కొంటే ఏడెనిమిదేళ్లు వస్తుంది" అన్నాడు. సగం నిజం. అంగట్లో అన్నిటికంటే చవకగా దొరికే ప్లాస్టిక్ రకం మేము కూడా కొనమనం. కానీ అటు చివర చవకది, ఇటు చివర పలుచనిది, నడుమ ఏమీ లేనట్టు మాట్లాడకూడదు. నడుమ ఉన్నదే మన లాంటి ఆఫీసుల కోసం చేసిన లావు రకం. కొంచెం బరువు, పెద్ద యూఎస్‌బీ రంధ్రాలు, హెచ్‌డీఎంఐ, విప్పి మార్చుకునే మెమొరీ, స్టోరేజీ, బ్యాటరీ. దాన్ని ఎవరూ కవరులోంచి తీసి చూపించరు. ఊళ్లో ఏ మెకానిక్ అయినా విప్పగలడు.

"సంఘానికి గౌరవంగా ఉంటుంది, వేరే సంఘాలవాళ్లు వచ్చినప్పుడు చూస్తారు" అన్నది రెండో వాదన. వాళ్లు చూడవలసింది మన పిల్లాడు తెలుగులో నాలుగు వాక్యాలు చదవడం. అది చూసి వెళితే గౌరవం.

"బయటి ఊళ్ల సభలకు మోసుకెళ్లడానికి తేలిక" అన్నది మూడోది. ఏడాదికి రెండుసార్లు. అదీ కారులో. అరకిలో తేడాకు ఎంత కట్టవచ్చో మా పార్సిల్ ఆఫీసు లెక్క ఏదీ ఒప్పుకోదు.

మీరు పలుచని లాప్‌టాప్‌కు శత్రువులా అని అడిగితే, కాదు. కాలేజీకి రోజూ రెండు బస్సులు మారే పిల్లకు అది వరం. ఊళ్లు తిరిగి పనిచేసేవాళ్లకు సరైన పనిముట్టు. కార్యదర్శి తమ్ముడు సొంత డబ్బుతో కొనుక్కుంటే మేమే కొబ్బరికాయ కొట్టి కుంకుమ పెడతాం. పిండి కొద్దీ రొట్టె అన్నారు. ఇంటికి సరిపోయింది సంఘానికి సరిపోవాలని లేదు.

వద్దు అని చెప్పి ఊరుకోవడం మా పద్ధతి కాదు. మేము పెట్టబోయే ప్రత్యామ్నాయ తీర్మానం ఇది:

1. ఏ కొనుగోలుకైనా ముందు, ఈ వారమే రెండు బయటి హార్డ్‌డిస్కులు కొని పాత డెస్క్‌టాప్‌లోని అన్ని ఫైళ్లకు రెండు నకళ్లు తీయాలి. ఒకటి సంఘం బీరువాలో, ఒకటి కోశాధికారి ఇంట్లో. రెండూ ఒకే కప్పు కింద ఉండకూడదు.

2. అను ఫాంట్ల పత్రికలన్నిటినీ, ఫాంటు ఇంకా ఉండగానే, పీడీఎఫ్‌లుగా తీయాలి. తరువాత యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కానీ ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి. మనిషి కూర్చుని సరిచూడాలి. వెనక బెంచీ ఐదుగురం వారానికి రెండు పూటలు కూర్చుంటాం. జీతం వద్దు, కాఫీ చాలు. కాఫీ యంత్రానికి దూరంగా పెడతాం.

3. ఆఫీసు రకం విండోస్ లాప్‌టాప్ ఒకటి, 16 జీబీ మెమొరీతో, అరవై వేలు దాటకుండా కొనాలి. వాడినది కొంటే విండోస్ 11 నడిచేదో లేదో ముందే చూడాలి. విండోస్ 10కు మామూలు రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ పైది కావాలి. ఈ డబ్బు పరిపాలన ఖాతా నుంచి రావాలి.

4. ఒత్తులు కనిపించాలంటే తెర పెద్దది కావాలి. బల్ల మీద ఉంచడానికి 24 అంగుళాల మానిటరు ఒకటి కొనాలి. లాప్‌టాప్ మారినా మానిటరు ఉంటుంది.

5. విద్యానిధి నుంచి ఒక్క రూపాయి కూడా యంత్రానికి వెళ్లకూడదు. పాఠం చెప్పే అక్కకు బస్సు చార్జీ, పిల్లలకు పుస్తకాలు, బోర్డుకు రంగు, ఈ మూడూ ఈ నెలలోనే జరగాలి.

ఇందులో లెక్క తప్పని తోస్తే సమావేశంలో లేచి చెప్పండి. తమ్ముళ్లు కూడా చెప్పాలి. కంప్యూటరు మాకంటే వాళ్లకే బాగా తెలుసు, యూనికోడ్ పనిలో వాళ్ల చెయ్యి లేకపోతే మా ఐదుగురి వల్ల కాదు. కార్యదర్శి తమ్ముడి మీద మాకు కోపం లేదు. నలభై దాటాక మాకు అక్షరాలు దిద్దించిన పెద్దాయన మనుమడే అతను. ఆ పెద్దాయన స్వయంగా వ్రాసిన వంశ వివరాలు కూడా టక్ టక్ అంటున్న ఆ డిస్కులోనే ఉన్నాయి. తాత వ్రాతను కాపాడే పని మనుమడు ముందుండి చేస్తే, ఆ తీర్మానం అతని పేరుతోనే పెట్టండి. మేము చేతులెత్తుతాం.

మొదటి ఆదివారం ఉదయం పది గంటలకు తప్పకుండా రండి. ఓటు హక్కు ఉండి ఇంట్లో కూర్చుని, తరువాత వాట్సాప్‌లో నిట్టూర్చడం మన సంఘానికి పాత జబ్బు. ఈసారి వద్దు. ఆలోగా ఎవరైనా ఆఫీసు వైపు వెళితే, ఆ డెస్క్‌టాప్‌ను ఊరికే ఆన్ చేసి ఆఫ్ చేయకండి. నకలు తీసేదాకా దాన్ని నిద్రపోనివ్వండి.

వెనక బెంచీ నుంచి, మీ సభ్యులం.